ఎదురొచ్చే సైకిల్‌కు చెయ్యెత్తడం

సైకిల్ మీద పోతున్నప్పుడు ఎదురుగా ఇంకో సైకిల్ వస్తే చెయ్యెత్తి పలకరించాలని ఎక్కడా రాసి లేదు. మా ఆయన మాత్రం దాన్ని ప్రభుత్వ ఉత్తర్వులా పాటించేవాడు. ఆయన బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఆరాంఘర్ మీదుగా ఏళ్ల తరబడి బస్సు నడిపాడు. బస్సు డ్రైవర్లకు ఒక అలవాటు ఉంటుంది, మీరూ చూసే ఉంటారు. ఎదురుగా ఇంకో బస్సు వస్తే స్టీరింగ్ మీది నుంచి ఒక చెయ్యి లేపుతారు. అవతల ఉన్నది తెలిసినవాడా, కొత్తవాడా అని చూడరు. రిటైరయ్యాక ఆయన చేతిలో స్టీరింగ్ పోయి సైకిల్ హ్యాండిల్ వచ్చింది. చెయ్యి లేవడం మాత్రం మానలేదు.

మా ఇంటికి సైకిళ్లు రావడానికి కారణం నా షుగరు. నేను శంషాబాద్‌లోనే ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచర్ని. డాక్టరు నన్ను రోజూ నడవమన్నాడు. నాలుగు రోజులు నడిచి, మోకాళ్ల నొప్పులని మానేశాను. ఆయనకు అదే సాకు దొరికింది. ఒక సాయంత్రం ట్రాలీ ఆటోలో రెండు సైకిళ్లు వేసుకుని వచ్చాడు. ఒకటి మగవాళ్లది, ఒకటి ఆడవాళ్లది.

"నడిస్తే మోకాళ్లు అరుగుతయ్, తొక్కితే టైర్లు అరుగుతయ్. ఏది నయం టీచరమ్మా?" అన్నాడు.

నన్ను ఆటపట్టించాలనుకున్నప్పుడల్లా టీచరమ్మా అంటాడు. నాకు ఒళ్లు మండింది. ఈ వయసులో సైకిలేంటి, గల్లీలో పిల్లలు నవ్వుతారని సాధించాను. కానీ చిన్నప్పుడు నేర్చుకున్న సైకిల్ కాళ్లు మరిచిపోలేదు. వారం తిరిగేసరికి ఆయన ముందు, నేను వెనక బయలుదేరాం.

తెల్లవారుతుండగా గల్లీ దాటి, అవుటర్ రింగు రోడ్డు పక్కనుండే సర్వీసు రోడ్డు ఎక్కి, పెద్దగోల్కొండ వైపు పోయి, అక్కడ చాయ్ హోటల్ దగ్గర మళ్లుకోవడం మా దారి. ఓపిక ఉన్న రోజు మహేశ్వరం దాకా పోయేవాళ్లం. అటు ఒకప్పుడు జొన్న చేన్లు ఉండేవి. ఇప్పుడు హద్దురాళ్లు, ఫ్లెక్సీలు, గేటు తప్ప ఇల్లు లేని కాలనీలు. తల మీది నుంచి విమానాలు చక్రాలు దించుకుని దిగుతుంటాయి. ఆయన వాటికి కూడా చెయ్యెత్తేవాడు. "గాయిన గూడ డ్రైవరే గదా" అనేవాడు. ఆదివారం మాకు చర్చి, సైకిళ్లకు సెలవు.

ఈ చెయ్యెత్తడంలో ఆయనకు ఎన్ని మెలికలుండేవో చెప్తే నవ్వుతారు. ఎత్తు దిగి వచ్చేవాడే ముందు చెయ్యెత్తాలి. ఎక్కేవాడికి ఊపిరే అందదు, వాడు గడ్డం ఆడించినా చాలు. క్యారియర్ మీద బరువు కట్టుకుని వచ్చేవాడి చేత హ్యాండిల్ వదిలించకూడదు, కళ్లతో పలకరించి తప్పుకోవాలి. బెల్లు కొట్టి పలకరించడం ఆయన దృష్టిలో మొరటుతనం. బెల్లు జరగమనడానికే గానీ బాగున్నావా అనడానికి కాదట. చైను పడిపోయి ఎవరైనా ఆగి ఉంటే మాత్రం చెయ్యెత్తి పోతే కుదరదు, దిగి అడగాలి. అది తప్ప ఇంకెప్పుడూ ఆగకూడదు. అన్నిటికంటే ఇదే ఆయనకు ముఖ్యం. ఆగితే అది ముచ్చట అవుతుంది. పేరేంది, ఊరేంది, అక్కడ గజం ఎంతకు పోయింది అనే దాకా పోతుంది. చెయ్యెత్తాలి, పోవాలి. ఎదుటివాడు కూడా ఎత్తి పోవాలి. "గంతే. గా ఒక్క నిమిషం నువ్వు నేను సమానం" అనేవాడు.

అత్తాపూర్ వైపు నుంచి హెల్మెట్లు, బిగుతు బట్టలు వేసుకుని, ఖరీదైన సైకిళ్ల మీద గుంపుగా వచ్చేవాళ్లు ఉంటారు. తల వంచితే మళ్లీ ఎత్తరు, రోడ్డులో ఏదో పారేసుకున్నట్టు చూస్తూ పోతారు. ఆయన వాళ్లకు కూడా రోజూ చెయ్యెత్తాడు. నువ్వెందుకు చులకనవుతావని నేను తిట్టేదాన్ని. కొన్నాళ్లకు వాళ్లలో ఒకరిద్దరి వేళ్లు హ్యాండిల్ మీది నుంచి లేవడం మొదలైంది. ఆ రోజు ఇంటికొచ్చి ఆయన చేసిన హడావుడి చూడాలి, తనకు పదవేదో వచ్చినట్టు నాకే చాయ్ పెట్టి ఇచ్చాడు.

అందరిలోకి ఆయనకు దగ్గరివాడు ఒక సెక్యూరిటీ గార్డు. ఎయిర్‌పోర్టు కార్గో వైపు ఎక్కడో పని. రాత్రి డ్యూటీ దిగి, యూనిఫాంలోనే, నిద్రముఖంతో ఎదురొచ్చేవాడు. మా ఆయన చెయ్యి లేవగానే అతను నుదుటికి చెయ్యి ఆనించి సెల్యూట్ కొట్టేవాడు. ఏళ్లుగా వాళ్లిద్దరి స్నేహం అంతే. ఒకరి పేరు ఒకరికి తెలియదు.

నా సంగతి వేరు. నేను చెయ్యెత్తేదాన్ని కాదు. ముక్కూ ముఖం తెలియని మగవాళ్లకు పొద్దున్నే చెయ్యెత్తే ఆడమనిషి గురించి ఎవరు ఏమనుకుంటారో నాకు తెలుసు. ఆయనకు తెలియదు. "రోడ్డు మీద ఆడ మొగ లేదు టీచరమ్మా, ఎదురొచ్చేది సైకిలే" అనేవాడు. ఆయనకేం, అంటాడు. నేను గడ్డం కొంచెం ఆడించి ఊరుకునేదాన్ని, అది కూడా ఆడవాళ్లకు, ముసలివాళ్లకు.

ఇట్లా ఉండగా ఒక వానాకాలంలో గార్డు సెల్యూట్ కొట్టాడు, మా ఆయన చెయ్యెత్తలేదు. వెనక ఉన్న నేను చూశాను. ఏదో ధ్యాసలో ఉన్నాడనుకున్నాను. మర్నాడూ అంతే. ఆ మర్నాడు హెల్మెట్ల వాళ్లలో ఒకతను నవ్వుతూ వేళ్లు లేపితే ఈయన రాయిలా పోయాడు. రాంగు సైడులో మా ఎడమ పక్కగా వచ్చేవాళ్లకు మాత్రం ఎప్పటిలాగే చెయ్యి లేచేది. అందులో నాకు ఏమీ తట్టలేదు.

ఒక పొద్దున గార్డు వేగం తగ్గించి నా పక్కకు వచ్చాడు. "కాకకు నా మీద కోపమొచ్చిందా అమ్మా? నేనేమన్న తప్పు జేసిన్నా?" అని అడిగాడు. అతని గొంతులో నిజంగా బాధ ఉంది. అట్లాంటిదేం లేదని సర్దిచెప్పి పంపాను గానీ ఇంటికొచ్చి ఆయన మీద విరుచుకుపడ్డాను.

"ఏందయ్యా, కొమ్ములొచ్చినయా? ఆ పిలగాడు రోజు సలాం గొడ్తుంటే చూడనట్టే పోతున్నవ్?"

"ఎవరు?"

"గార్డు."

"గార్డు ఏడొచ్చిండు? నాకు ఎవ్వరు ఎదురు రాలే" అన్నాడు.

అబద్ధం చెప్పే మనిషి కాదు. ఆ మాట అన్నాక తనే ఆగిపోయాడు. మంచం మీద కూర్చుని కుడి చెయ్యి పక్కకు బారుగా చాపాడు. ముందుకు చూస్తూ ఆ చెయ్యిని మెల్లగా ముఖం వైపు తెచ్చాడు. మళ్లీ చాపాడు, మళ్లీ తెచ్చాడు. నేను ఎదురుగా నిలబడి చూస్తున్నాను. ఆ చెయ్యి దాదాపు ముక్కు ముందుకు వచ్చేదాకా ఆయన కళ్లు దాన్ని పట్టుకోలేదు.

మా బిడ్డ అత్తాపూర్‌లో ఉంటుంది. సెలవు పెట్టి మమ్మల్ని కళ్ల దవాఖానకు తీసుకుపోయింది. అక్కడ ఆయనను ఒక గిన్నెలాంటి మిషనులో ముఖం పెట్టమన్నారు. లోపల చిన్న చిన్న వెలుగు చుక్కలు వస్తాయట, కనబడ్డప్పుడల్లా చేతిలోని బటన్ నొక్కాలట. నేను పక్కన స్టూలు మీద కూర్చున్నాను. బటన్ చప్పుడు వస్తుందని చూస్తున్నాను. రాదు. మధ్యలో టిక్కు టిక్కుమని రెండుసార్లు వచ్చి మళ్లీ చాలాసేపు రాదు. నొక్కు, ఎట్లనన్న నొక్కు అని మనసులో అంటూనే ఉన్నాను. నేను అనుకుంటే నొక్కుకుంటుందా అది.

డాక్టరమ్మ కోస్తా మనిషి, చిన్న వయసు, ఎంతో మర్యాదగా మాట్లాడింది. "దీన్ని గ్లకోమా అంటారండి, నీటికాసులు. నొప్పి ఉండదు కాబట్టి చాలామందికి తెలియకుండానే ముదిరిపోతుంది. కుడి కన్ను చాలావరకు పోయిందండి. ఎడమది పక్కల నుంచి తగ్గుతోంది. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నది నిలబెట్టుకోవడానికి చుక్కల మందు వేద్దాం" అంది.

ఎన్నాళ్లు నిలబడుతుందని మా బిడ్డ అడిగింది. ఖర్చెంతని నేను అడిగాను. ఆయన ఒక్కటే అడిగాడు.

"సైకిల్ తొక్కొచ్చా మేడం?"

"రోడ్డు మీద వద్దండి" అంది.

ఆటోలో మా బిడ్డ దారి పొడవునా సైకిళ్లు అమ్మేయమని చెప్పింది. ఆయన బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఇంటికొచ్చాక చెప్పులు విప్పుతూ నాతో అన్నాడు.

"ఎవ్వరికి చెప్పకు. గార్డుకు గూడ చెప్పకు. చెప్తే ఇగ చెయ్యెత్తరు. ఆగుతరు. ఎట్లుంది కాకా, కనవడ్తుందా కాకా అని అడుగుతరు. నాకు గది వద్దు."

ఆయనకు కావలసింది అంతే. కళ్లు పోయినా సరే, ఎదురొచ్చేవాడు చెయ్యెత్తి పోవాలి.

కొన్ని రోజులు ఇంట్లోనే ఉన్నాడు. పొద్దున్నే లేచి, ముఖం కడుక్కుని, ఎటూ పోయేది లేక అరుగు మీద కూర్చునేవాడు. నలభై ఏళ్ల కాపురంలో ఆ మనిషిని ఖాళీ చేతులతో నేను చూడలేదు. అరవడం, తిట్టడం నాకు చేతనవును. ఇది నా వల్ల కాలేదు. డాక్టరమ్మ మాట, బిడ్డ మాట పక్కన పెట్టి, సర్వీసు రోడ్డు మీదనే, మెల్లగా, నేను వెనకే ఉంటానని ఒప్పుకున్నాను. తెలిసి తెలిసి ఒప్పుకున్నాను. బిడ్డకు చెప్పలేదు.

అప్పుడు మొదలైంది మా పద్ధతి. నేను వెనక నుంచి చూసి, "కుడి, ఎర్ర చొక్కా" అంటాను. ఆయన చెయ్యెత్తుతాడు. "కుడి, హెల్మెట్లు" అంటాను. చెయ్యెత్తుతాడు. మొదట్లో కుదరలేదు. నేను చెప్పి ఆయన ఎత్తేలోగా మనిషి దాటిపోయేవాడు, వెనక వచ్చే లారీవాడు ఆ మర్యాద అందుకుని సంబరంగా హారన్ కొట్టేవాడు. ఒకసారి నేను తొందరపడి "కుడి" అన్నాను, తీరా చూస్తే అది ఫ్లెక్సీలో చేతులు జోడించి నిలబడ్డ నాయకుడు. ఆయన నిండుగా చెయ్యెత్తి దాటాక ఎవరని అడిగాడు. చెప్తే ఇద్దరం సైకిళ్లు దిగి నవ్వుకున్నాం. ఆ వానాకాలం నుంచి మేము నవ్వింది ఆ ఒక్కసారే అనుకుంటాను.

మెల్లమెల్లగా కుదిరింది. ఎంత ముందు చెప్పాలో నాకు తెలిసింది, ఎంత ఆగి ఎత్తాలో ఆయనకు తెలిసింది. హెల్మెట్ల వాళ్లు మళ్లీ వేళ్లు లేపారు. గార్డు మాత్రం మారలేదు. మనసు విరిగినట్టుంది. మేము దగ్గరకు రాగానే ముఖం అటు తిప్పుకునేవాడు. నేను "కుడి, గార్డు" అనేదాన్ని. ఈయన ప్రాణం పెట్టి చెయ్యెత్తేవాడు. అతను చూసేవాడు కాదు.

"కొట్టిండా సెల్యూట్?" అని దాటాక అడిగేవాడు.

"కొట్టిండు" అనేదాన్ని.

క్లాసులో పిల్లలు చిన్న అబద్ధం చెప్తే బెంచీ ఎక్కించే మనిషిని నేను. రోజూ పొద్దున్నే రోడ్డు మీద అబద్ధం ఆడాను. గార్డును ఆపి ఒక్క మాట చెప్తే అయిపోయేది. చెప్తే ఈయనకు ఇచ్చిన మాట పోతుంది, ఈయన దేనికి భయపడుతున్నాడో అది జరుగుతుంది. చెప్పకపోతే ఆ పిల్లవాడు మమ్మల్ని పొగరుబోతులనుకుంటూనే ఉంటాడు. ఎటు చూసినా నాకు దారి కనబడలేదు.

చర్చిలో ప్రార్థన అవసరతలు చెప్పమన్నప్పుడు అందరూ లేచి కష్టాలు చెప్పుకుంటారు. ఆ సమయంలో ఆయన నా మణికట్టు గట్టిగా పట్టుకునేవాడు, లేవొద్దని. నేను కళ్లు మూసుకుని లోపల్లోపలే అడిగేదాన్ని. మొదట బతిమాలాను, తర్వాత పోట్లాడాను. పొద్దునా సాయంత్రం చుక్కలు వేస్తున్నాం, ప్రార్థన చేస్తున్నాం, చెప్పినప్పుడల్లా దవాఖానకు పోతున్నాం. చూపు మాత్రం తన పాటికి తాను తగ్గుతూనే ఉంది. కంచంలో ఎదురుగా ఉన్న పప్పు మాత్రమే కనబడేది, పక్కనున్న పచ్చడి కనబడేది కాదు. నేను కంచం తిప్పిపెట్టేదాన్ని.

ఆ రోజు చలి. మంచు పలచగా ఉంది. మా పక్కనుండే పెద్దగోల్కొండ చాయ్ హోటల్ దగ్గరికి వచ్చేశాం. ఎదురుగా గార్డు వస్తున్నాడు. రోజూ నేరుగా పోయేవాడు, ఆ రోజు చాయ్ తాగుదామనుకున్నాడేమో, ఉన్నట్టుండి రోడ్డుకు అడ్డంగా మా వైపు తిప్పాడు. కుడి పక్క నుంచి నేరుగా ఆయన చక్రం మీదికి వస్తున్నాడు. "కుడి! కుడి!" అని అరిచాను.

ఆయన చెయ్యెత్తాడు.

ఎన్నో నెలలుగా నేను కుడి అంటే ఆయన చెయ్యెత్తుతున్నాడు. బ్రేకు వెయ్యమని చెప్పడానికి మేము మాటేదీ పెట్టుకోలేదు. ఎప్పటిలాగే గడ్డం పైకెత్తి, ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని, నిండుగా చెయ్యెత్తి, నేరుగా పోయి గార్డును గుద్దాడు. ఇద్దరూ కిందపడ్డారు.

నేను సైకిల్ అక్కడే పడేసి పరుగెత్తాను. గార్డు ముందు లేచాడు. మోచెయ్యి గీసుకుపోయింది. ఎన్నాళ్లుగా లోపల పెట్టుకున్న కోపమో ఒక్కసారి బయటికొచ్చింది. "కండ్లు కనవడ్తలేవా కాకా?" అన్నాడు.

రోడ్డు మీద రోజూ అందరూ అందర్నీ అనే మాట. మా ఆయన కూడా బస్సు కిటికీలోంచి ఎందరినో అని ఉంటాడు. ఆయన కింద కూర్చునే, ప్యాంటు దులుపుకుంటూ, మామూలు గొంతుతో జవాబు చెప్పాడు.

"లేవు తమ్మి. కనవడ్తలేవు."

గార్డు నా వైపు చూశాడు. నేను తల ఊపాను. అతను అక్కడే రోడ్డు మీద కూర్చుండిపోయి, ఆయన చేతులు రెండూ పట్టుకుని ఏడ్చాడు. "నేనేమో కావలసుకొని చూస్తలేవనుకున్న కాకా" అన్నాడు. చాయ్ హోటల్ వాళ్లు నీళ్లు తెచ్చారు. ఆయన అటూ ఇటూ తల తిప్పుతూ, వదలమన్నట్టు చేతులు లాక్కోబోయాడు. గార్డు వదల్లేదు. మా ఇంటి దాకా ఆయన సైకిల్ తనే నడిపించుకుంటూ వచ్చాడు.

ఆ రోజుతో ఆయన సైకిల్ మానేశాడు. నేను చెప్పలేదు, బిడ్డ చెప్పలేదు, తనే మానేశాడు. "ఇంకొకర్ని పడగొట్టే హక్కు నాకేడిది" అన్నాడు. సైకిల్ మెట్ల కింద పెట్టి పాత చీర కప్పాడు. నన్ను మాత్రం మానొద్దన్నాడు, షుగరు నీదే గదా అన్నాడు.

నేను తొక్కడానికి పోతే ఆయన గల్లీ చివర దాకా నడిచి వచ్చి, సర్వీసు రోడ్డు పక్కన నిలబడేవాడు. ఒంటరిగా అంత దూరం వద్దంటే వినలేదు. ఎడమ కంటి నడుమ మిగిలిన కాస్త చూపుతో గోడ పట్టుకుని వస్తాడు, కర్ర పట్టుకోమంటే పట్టుకోడు. అక్కడ నిలబడి, సైకిల్ చప్పుడు వినబడితే చెయ్యెత్తేవాడు. నా సైకిల్ చైను కవరు కిర్రుమంటుంది. అది వినబడితే మాత్రం చెయ్యెత్తడు, ఇంటికి పోదామని గల్లీ వైపు తిరుగుతాడు.

గార్డు చాలా మంచివాడు. ఆ మంచితనంతోనే రోడ్డంతా చెప్పాడు, కాకకు చూపు లేదు, జర పలకరించండి అని. దాంతో ఆయన అనుకున్నదే జరిగింది. చెయ్యెత్తితే అందరూ ఆగారు. గార్డు దిగి భుజం పట్టుకునేవాడు. హెల్మెట్ల వాళ్లు కూడా దిగి, ఏ దవాఖానలో చూపిస్తున్నారంకుల్ అని అడిగేవారు. ఒకామె చేతిలో అరటిపండు పెట్టిపోయింది. తెలియనివాళ్లు చూడకుండా పోయేవాళ్లు. పోరా మరి? సైకిల్ మీద ఉన్నవాడికి సైకిల్ మీద ఉన్నవాడే చెయ్యెత్తుతాడు. రోడ్డు పక్కన నిలబడి చెయ్యూపే ముసలాయన లిఫ్టు అడుగుతున్నాడనుకుంటారు.

"ఎట్లుండె ఇయ్యాల?" అని అడిగితే, "అందరు ఆగిండ్రు" అనేవాడు, ఎవరో తిట్టిపోయినట్టు. నేను గార్డుకు చెప్పి చూశాను. ఆగకుండా చెయ్యెత్తి పొమ్మన్నాను. సరేనన్నాడు. మర్నాడు మళ్లీ ఆగాడు. "చూసుకుంట ఎట్ల పోవాలమ్మా, మనసొప్పుతలేదు" అన్నాడు.

మొన్న నా సైకిల్ వెనక ట్యూబు పోయింది. ఇయ్యాల నేను పోవట్లేదని ఆయనకు చెప్పాను. ఆయన ఎప్పటిలాగే గోడ పట్టుకుని రోడ్డు దాకా పోయాడు. కాసేపటికి పక్కింటి అమ్మాయి, నా గేర్ల సైకిల్ ఖాళీగానే ఉంది ఆంటీ, తీసుకోండని ఇచ్చింది. హెల్మెట్ కూడా నెత్తిన పెట్టింది. అవతలి గల్లీలోంచి రోడ్డెక్కి, కొంత దూరం పోయి, ఇటు వైపు తిరిగి వస్తున్నాను. చప్పుడు లేని సైకిల్ అది. గాలికి పోతున్నట్టు పోతుంది.

ఆయన కనబడ్డాడు. రోడ్డంచున నిలబడి ఉన్నాడు. టైర్ల కింద ఇసుక కరకర వినబడిందేమో, తల ఇటు తిప్పాడు. చెయ్యెత్తాడు.

నన్ను గుర్తుపట్టాడనుకుని పిలవబోయాను. నోటి దాకా వచ్చిన మాట ఆ ముఖం చూసి ఆగిపోయింది. ఆ ముఖం నేనెప్పుడూ చూడలేదు. ఎట్లా చూస్తాను? ఇన్నేళ్లూ ఆయన వెనకే తొక్కాను. మేమిద్దరం ఒకరికొకరం ఎప్పుడూ ఎదురు రాలేదు. ఎవరో తెలియని సైకిల్ మనిషికి చెయ్యెత్తేటప్పుడు ఆయన ముఖం ఇట్లా ఉంటుందని నాకు తెలియదు. గడ్డం కొంచెం పైకి, పెదవి చివర నవ్వు, నువ్వెవరైనా సరే అన్నట్టు. నేను నలభై ఏళ్లుగా కాపురం చేస్తున్న మనిషి, చేతికందే దూరంలో, నన్ను కొత్తమనిషిగా పలకరిస్తున్నాడు.

ఆగితే, నోరు తెరిస్తే, కట్టుకున్నదాన్నే గుర్తుపట్టలేదని ఆయనకు తెలిసిపోతుంది. ఆగకపోతే నా భర్తను రోడ్డు మీద వదిలి పరాయిదానిలా పోయినట్టవుతుంది. ఆలోచించే వ్యవధి లేదు. సైకిల్ పోతూనే ఉంది. నేను హ్యాండిల్ మీది నుంచి చెయ్యి తీసి, పూర్తిగా పైకెత్తాను. ఆపకుండా దాటిపోయాను. మలుపు తిరిగాక దారి కనబడక సైకిల్ దిగి నడిచాను.

ఆయన వచ్చేసరికి నేను ఇంట్లో ఉన్నాను. పొయ్యి మీద చాయ్ పెడుతున్నాను. గోడ పట్టుకుని లోపలికి వచ్చాడు. చాన్నాళ్ల తర్వాత ఆ నడకలో హుషారుంది.

"ఇయ్యాల ఒకామె వొచ్చింది" అన్నాడు. "ముఖం తెల్వలే గని, గాజుల చెయ్యి మంచిగ కనవడ్డది. ఆగలే, అడగలే. చెయ్యెత్తింది, పోయింది. గట్లుండాలె మర్యాదంటే."

"ఎవరామె?" అన్నాను.

"ఏమో. కొత్తామె. నువ్వెన్నడన్న గట్ల ఎత్తినవా టీచరమ్మా?"

"లేదు" అన్నాను. చాయ్ గ్లాసు ఆయన చేతికి అందించి, వేళ్లు సరిగ్గా పట్టుకున్నాయో లేదో చూసి వదిలాను. రెండు గుక్కలు తాగాడు.

"రేపు గూడ వస్తదంటవా?" అని అడిగాడు.

"వస్తది" అన్నాను.